స్ట్రింగ్ క్వార్టెట్‌లో ప్రధాన కళాకారుడు ఎవరు, పక్కవాద్యం ఎవరు?

పానగల్లు శ్రోత (నల్లగొండ):

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు నల్లగొండలో కొందరు పిల్లలకు పాఠం చెబుతున్నాను. కొంతకాలంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని స్ట్రింగ్ క్వార్టెట్లను శ్రద్ధగా వింటున్నాను. రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కింది స్థాయిది), ఒక చెల్లో (మంద్ర స్థాయిలో పలికే పెద్ద వాద్యం) తప్ప అందులో మరేమీ ఉండవు. తాళవాద్యం లేదు, శ్రుతికి తంబురా లేదు, ఎదురుగా నిలబడి నడిపించే కండక్టరూ లేడు. ఇంత తక్కువ సరంజామాతో అంత నిండుదనం ఎలా వస్తుందన్న ఆశ్చర్యంతోనే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

మన కచేరీకి అలవాటుపడిన నా చెవి మొదటి వయొలిన్‌ను ప్రధాన విద్వాంసుడిగా, మిగిలిన మూడింటినీ పక్కవాద్యాలుగా పట్టుకుంటున్నది. కొన్ని రచనల్లో ఈ పద్ధతి సరిపోతున్నది. కొన్నింటిలో మాత్రం మొదటి వయొలిన్ ఉన్నట్టుండి ఊరుకుంటుంది, అసలు బాణీ చెల్లోలోనో వయోలాలోనో వినిపిస్తుంది, ఎవరి వెంట వెళ్ళాలో నాకు తెలియడం లేదు. బీథోవెన్ చివరి రచనల దగ్గరికి వచ్చేసరికి ఈ తికమక ఇంకా పెరుగుతున్నది. అసలు ఈ ప్రక్రియ నలుగురితోనే ఎందుకు స్థిరపడింది, దీనికి పద్దెనిమిదవ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ పితామహుడన్న మాట ఎంతవరకు నిజం, నలుగురి మధ్య పెత్తనం ఎప్పుడు ఎలా చేతులు మారింది అన్నవి తెలిసినవారు వివరించగలరు. పుస్తకాల పేర్లకన్నా, ఏ రచనలో ఏ చోట ఏమి వినాలో చెబితే నాకు ఎక్కువ ఉపయోగం.

పాలమూరు సాధకుడు (మహబూబ్‌నగర్):

శ్రోత గారూ, మీ చెవి పట్టుకున్న విషయంలోనే ఈ ప్రక్రియ చరిత్ర అంతా ఉన్నది. మొదట్లో అది నిజంగానే ఒక ప్రధాన వాద్యం, మూడు పక్కవాద్యాల అమరికే. ఆ అమరిక రచన తర్వాత రచనగా ఎలా సడలిందో చూడడమే స్ట్రింగ్ క్వార్టెట్ ఎదుగుదలను చూడడం అని నా అభిప్రాయం.

హైడన్‌కు ముందు తరంలో ఐరోపా గృహసంగీతంలో ఎక్కువగా వినిపించినది ట్రయో సొనాటా. అందులో పైన రెండు వయొలిన్లు బాణీని పంచుకునేవి. కింద చెల్లో వంటి మంద్ర వాద్యం ఆధార స్వరాలను పట్టేది. మధ్యలో ఉండే ఖాళీని హార్ప్సికార్డ్ (పియానోకు ముందు కాలపు మీటల వాద్యం) వాయించే వ్యక్తి, మంద్ర స్వరాల మీద వేసిన అంకెలను చూసి, అప్పటికప్పుడు సమ్మేళన స్వరాలతో, అంటే ఒకేసారి మోగే స్వరాలతో నింపేవాడు. పద్దెనిమిదవ శతాబ్దం నడుస్తున్నకొద్దీ ఈ హార్ప్సికార్డ్ క్రమంగా పక్కకు తప్పుకున్నది. ఆరుబయట, తోటల్లో, విందుల్లో వాయించే వినోద సంగీతానికి ఆ వాద్యాన్ని మోసుకుపోవడం ఎలాగూ కష్టమే. అది వెళ్ళిపోగానే మధ్యలోని ఖాళీని నింపవలసిన బాధ్యత వయోలా మీద పడింది. వారి సంగీతంలో సమ్మేళనానికి మూల రూపం మూడు స్వరాల కలయిక. దానికి నాలుగో స్వరాన్ని చేర్చినప్పుడు వచ్చే బిగువు, ఆ బిగువు సడలడం వారి రచనకు ప్రాణం. నాలుగు గొంతులుంటే ఈ పని అంతా లోటు లేకుండా జరుగుతుంది, అయిదో గొంతు అవసరం ఉండదు. నలుగురితో స్థిరపడడానికి సంగీతపరమైన కారణం ఇదే.

మరో కారణం పూర్తిగా లౌకికమైనది. హైడన్ తొలి జీవిత చరిత్రకారుడు గ్రీజింగర్ రాసిన ప్రకారం, 1750ల చివర ఫ్యూర్న్‌బెర్గ్ అనే బారన్ వద్ద సంగీతం వాయించగలవారు నలుగురే ఉన్నారు: ఆ ఊరి పాద్రి, ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగి, యువకుడైన హైడన్, ఆల్బ్రెక్ట్స్‌బెర్గర్ అనే వ్యక్తి. ఆ నలుగురి కోసం ఏదైనా రాయమని బారన్ అడిగాడు, హైడన్ రాశాడు. ఆ తొలి రచనల్లో చాలావరకు అయిదేసి భాగాలు, అందులో రెండు మినుయెట్ నృత్య గతులు ఉంటాయి. వాటిని వింటే మీ కచేరీ కొలత చక్కగా సరిపోతుంది. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు చెబుతుంటే మిగిలినవారు వంత అందుకున్నట్టే మొదటి వయొలిన్ నడుస్తుంది, మిగతా మూడూ దాని వెనుక నడుస్తాయి.

అసలు మార్పు 1772లో రాసిన ఓపస్ 20లోని ఆరు క్వార్టెట్లలో కనిపిస్తుంది (ఓపస్ అంటే ఒక రచనకు లేదా సంపుటికి ఇచ్చే వరుస సంఖ్య). ఇందులో రెండవది, సి మేజర్‌లో (సి అనే స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని) ఉన్నది, మీరు వెంటనే వినవలసినది. ఆ రచన మొదలయ్యేటప్పుడు మొదటి వయొలిన్ మౌనంగా ఉంటుంది. చెల్లో తన మంద్ర స్థానాన్ని విడిచి పైస్థాయికి వెళ్ళి బాణీని పాడుతుంది. చెల్లో విడిచిన ఆధార స్వరాల పనిని వయోలా భుజాన వేసుకుంటుంది. రెండవ వయొలిన్ వారిద్దరికీ తోడుగా ఉంటుంది. పై నుంచి కింది దాకా పనులు ఒక్కసారిగా తారుమారైన ఆ కొద్ది క్షణాలను నేను ఎన్నిసార్లు విన్నా తృప్తి తీరదు. ఇదే సంపుటిలోని మూడు రచనలను హైడన్ ఫ్యూగ్‌తో ముగించాడు. ఫ్యూగ్ అంటే ఒక గొంతు ఎత్తుకున్న పల్లవిని మిగిలిన గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అదే గౌరవంతో అందుకునే నిర్మాణం. ఒక ముగింపులో రెండు పల్లవులు, మరొకదానిలో మూడు, ఇంకొకదానిలో నాలుగు పల్లవులు అల్లుకుంటాయి. వంత పాడేవారు అనే వర్గమే లేని సంగీతం రాయాలంటే ఆ కాలానికి అందుబాటులో ఉన్న పాత పద్ధతి ఫ్యూగ్, హైడన్ దానినే ఆశ్రయించాడు.

అయితే ప్రతిసారీ ఫ్యూగ్ రాస్తే సంగీతం బరువెక్కిపోతుంది. 1781లో రాసిన ఓపస్ 33లో ఆయన ఇంకా సున్నితమైన మార్గం కనిపెట్టాడు. అందులో మొదటి క్వార్టెట్ ప్రారంభాన్ని వినండి. ఒక వాద్యం తోడుగా వాయిస్తున్న చిన్న పలుకే కొద్దిసేపట్లో ముఖ్యమైన బాణీగా మారుతుంది, అప్పటిదాకా బాణీ వాయించిన వాద్యం తోడుగా ఒదిగిపోతుంది. ఎక్కడ చేతులు మారిందో గీత గీసి చూపలేము. మీకు ఎవరి వెంట వెళ్ళాలో తెలియకపోవడానికి మూలం ఇక్కడే ఉన్నది. స్వరకర్త కోరుకున్నది కూడా అదే.

గద్వాల పాఠకుడు:

పాలమూరు సాధకుడు గారి వివరణ బాగున్నది, కానీ అది హైడన్ ఒక్కడి ప్రయాణంగా మిగిలిపోకూడదని దీనికి మరో పక్క చేరుస్తున్నాను.

మా గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. సంస్థాన ప్రభువుల ఆదరణ లేకపోతే ఆ పేరు వచ్చేది కాదు. హైడన్ కూడా ఆస్థాన విద్వాంసుడే. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఆయన రచనలు ప్రభువుకే చెందుతాయి, వాటిని బయటివారికి ఇవ్వడానికి వీలులేదు. 1779లో కుదిరిన కొత్త ఒప్పందంలో ఆ ఆంక్ష తొలగిపోయింది. ఓపస్ 33 ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చిందన్న సంగతి గమనించాలి. దాని చేతిరాత ప్రతులను ముందుగా చందా కట్టినవారికి అమ్ముతూ, ఇవి పూర్తిగా కొత్తదైన ప్రత్యేక పద్ధతిలో రాసినవని ఆయన ఉత్తరాలు పంపాడు. ఆ మాటను సంగీత చరిత్రలో గొప్ప ప్రకటనగా చదివేవారున్నారు, కేవలం అమ్మకపు మాటగా చదివేవారూ ఉన్నారు. నా దృష్టిలో రెండూ నిజమే. కొనేవారు ఇంట్లో కూర్చుని తామే వాయించుకునే ఔత్సాహికులు. అచ్చు ప్రతులు నాలుగు వాద్యాలకు నాలుగు విడి పుస్తకాలుగా వచ్చేవి. రెండవ వయొలిన్ పుస్తకం కొన్న మనిషికి సాయంత్రమంతా ఒకే స్వరాన్ని రుద్దే పని మాత్రమే ఉంటే అతడు మళ్ళీ కొంటాడా? నలుగురికీ ఆసక్తికరమైన భాగం రాయడం వెనుక కళతో పాటు ఈ లెక్క కూడా ఉన్నది.

అదే కాలంలో లూకా నగరంలో పుట్టిన బోకెరీని, స్వయంగా చెల్లో విద్వాంసుడు, హైడన్ ప్రభావంతో నిమిత్తం లేకుండా క్వార్టెట్లు రాసి 1767లో పారిస్‌లో అచ్చు వేయించాడు. ఆయన చెల్లో చాలా చోట్ల పైస్థాయిలో గానం చేస్తుంది. పారిస్‌లోనే స్థిరపడిన కాంబీనీ వందకు పైగా క్వార్టెట్లు రాశాడు. వాటిలో నలుగురూ వంతులవారీగా బాణీని అందుకుంటారు. కాబట్టి పితామహుడన్న మాటను, మొదటివాడు అన్న అర్థంలో నేను ఒప్పుకోను. తర్వాతివారందరూ ఎవరిని చూసి నేర్చుకున్నారు అని అడిగితే మాత్రం జవాబు హైడనే. ఇంకొక సంగతి కూడా మరువరాదు. సమానత్వం గెలిచి, పెత్తనం అంతరించింది అని అనుకోవద్దు. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో కూడా, జర్మనీ వయొలిన్ విద్వాంసుడు ష్పోర్ వంటివారు మొదటి వయొలిన్ తన నైపుణ్యం చూపుతుంటే మిగిలిన ముగ్గురు ఒదిగి ఉండే క్వార్టెట్లను రాసి, ఊరూరా వాయించారు. అవి ఆనాటి శ్రోతలకు ఎంతో ఇష్టమైన రచనలే.

మొజార్ట్ గురించి కొంత చెప్పాలి. 1782 నుంచి 1785 వరకు కష్టపడి రాసిన ఆరు క్వార్టెట్లను ఆయన హైడన్‌కు అంకితమిచ్చాడు. అవి దీర్ఘమైన శ్రమకు ఫలాలని అంకిత లేఖలో తానే రాశాడు. ఏ రచననైనా అలవోకగా రాస్తాడని పేరున్న మనిషి ఈ ప్రక్రియ ముందు అంత శ్రమించడం నాకు ఎంతో విలువైన సాక్ష్యంగా కనిపిస్తుంది. వియన్నాలో ఒక విందులో హైడన్ మొదటి వయొలిన్, మరో ఇద్దరు స్వరకర్తలైన డిటర్స్‌డోర్ఫ్ రెండవ వయొలిన్, వాన్హాల్ చెల్లో వాయించగా మొజార్ట్ వయోలా పట్టుకున్నాడని గాయకుడు మైకేల్ కెల్లీ తన జ్ఞాపకాల్లో రాశాడు. మధ్య గొంతులో కూర్చుని విన్నవాడు మధ్య గొంతుకు రాసే తీరు వేరు. ఆ ఆరింటిలో చివరిదైన సి మేజర్ క్వార్టెట్ ప్రారంభంలో చెల్లో ఒకే స్వరాన్ని నిదానంగా మోగిస్తుండగా, వయోలా, రెండవ వయొలిన్, మొదటి వయొలిన్ అదే వరుసలో కింది నుంచి పైకి ప్రవేశిస్తాయి. ఆ స్వరాల రాపిడి అప్పటి చెవులను ఎంతో ఇబ్బంది పెట్టింది.

శ్రోత గారు అడిగినట్టు ఒక్క చోటు చూపించమంటే, హైడన్ 1797 ప్రాంతంలో రాసిన ఓపస్ 76లోని మూడవ క్వార్టెట్ రెండవ భాగాన్ని చూపుతాను. ఆస్ట్రియా చక్రవర్తి కోసం తాను కట్టిన స్తుతిగీతం బాణీని అందులో ఒకసారి వినిపించి, ఆ తర్వాత మరో నాలుగు రకాలుగా మళ్ళీ మళ్ళీ వినిపిస్తాడు. బాణీ దాదాపు మారదు, దానిని మోసేవారు మాత్రం మారుతారు. మొదట మొదటి వయొలిన్; తర్వాత రెండవ వయొలిన్, దాని చుట్టూ మొదటి వయొలిన్ అల్లే సన్నని అలంకారం; ఆ తర్వాత చెల్లో; తర్వాత వయోలా; చివరికి మళ్ళీ మొదటి వయొలిన్, కొత్త సమ్మేళనంతో. పిల్లలకు నాలుగు గొంతులను గుర్తుపట్టడం నేర్పడానికి దీనికన్నా మంచి పాఠం నాకు తెలియదు. ఆ స్తుతిగీతాన్ని కట్టడానికి హైడన్‌కు ప్రేరణ లండన్‌లో విన్న బ్రిటిష్ రాజగీతం. ఆ రాజగీతం బాణీకే మన ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చారు. ఒకే బాణీ వియన్నాను, తంజావూరు సీమను ఆ విధంగా తాకింది.

పానగల్లు శ్రోత (నల్లగొండ):

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన ఓపస్ 76లోని భాగాన్ని ఈ సాయంత్రమే విన్నాను. చెల్లో బాణీని అందుకునే చోట నాకు స్పష్టంగా తెలిసింది. ఇప్పుడు ఇంకొక సందేహం కలుగుతున్నది. తంబురా లేకుండా ఈ నలుగురు శ్రుతిని దేనికి కలుపుకుంటారు? పియానో ఉంటే దాని స్వరాలను ప్రమాణంగా తీసుకోవచ్చు. ఇక్కడ నాలుగు వాద్యాలూ మెట్లు లేనివే. బీథోవెన్ గురించి కూడా ఎవరైనా రాయాలని ఎదురు చూస్తున్నాను.

నాగర్‌కర్నూలు ఉపాధ్యాయిని:

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను, సంగీతం వింటాను. శ్రుతి ప్రశ్న నాకు దగ్గరైనది కనుక దానికి నేను జవాబు చెబుతాను.

మీరు వయొలిన్ తంత్రులను షడ్జ పంచమాలుగా కలుపుకుంటారు. వారు వయొలిన్‌ను జి, డి, ఎ, ఇ అనే నాలుగు స్వరాలకు కలుపుతారు. ప్రతి తంత్రికీ పక్క తంత్రి పంచమం అవుతుంది. వయోలా తంత్రులు సి, జి, డి, ఎ. చెల్లోకు అవే పేర్లు, ఒక స్థాయి కింద. శుద్ధమైన పంచమం నిష్పత్తి 3/2 అని మీకు తెలుసు. చెల్లో సి తంత్రి నుంచి జి, డి, ఎ, ఇ అని నాలుగు శుద్ధ పంచమాలు ఎక్కి, వచ్చిన స్వరాన్ని రెండు స్థాయిలు కిందికి దించితే 81/64 వస్తుంది. కానీ సి షడ్జంగా ఉన్నప్పుడు ఇ స్వరం అంతర గాంధారం. అది చెవికి నిండుగా కలవాలంటే 5/4 ఉండాలి, అంటే 80/64. ఈ రెండింటి మధ్య తేడా 81/80. అది వారి సమాన విభజన ప్రకారం అర స్వరంలో సుమారు అయిదో వంతు. చెల్లో తన కింది సి తంత్రిని మోగిస్తుండగా వయొలిన్ ఇ తంత్రిని వేలు పెట్టకుండా మోగిస్తే, రెండూ విడివిడిగా శుద్ధంగా కలిపినవే అయినా, కలిసినప్పుడు గాంధారం పైకి పలుకుతుంది.

పియానోలో ఇలాంటి తేడాను శ్రుతి చేసేవాడు అన్ని స్వరాలకూ పంచిపెట్టి ముగిస్తాడు. క్వార్టెట్‌లో ఆ పని నలుగురు మనుషులు ప్రతి సమ్మేళనంలోనూ చెవితో చేయాలి. అందుకే చాలామంది పంచమాలను ఒక వెంట్రుకవాసి దగ్గరగా కలుపుకుంటారు. మీటకుండా కమానుతో లాగే నిడివి గల స్వరాల్లో, చెల్లోను ఆధారంగా తీసుకుని మధ్య గొంతులవారు వేలును సర్దుకుంటారు. మనకు తంబురా ఒకే షడ్జాన్ని ఆసాంతం నిలబెడుతుంది. వారికి ఆధార స్వరం క్షణక్షణం మారుతుంది కాబట్టి గాంధారం స్థానం కూడా దానితో పాటు కదులుతుంది. ఒకే నలుగురు దశాబ్దాల పాటు కలిసి సాధన చేయవలసి రావడానికి పెద్ద కారణం ఈ సర్దుబాటే అని నేను నమ్ముతున్నాను. సోలో విద్వాంసులు నలుగురిని ఒక పూట కూర్చోబెడితే రానిది ఇదే.

దేవరకొండ నుంచి ఒక శ్రోత:

బీథోవెన్ మీద ఎవరూ రాయలేదు కనుక నేను ఆ భాగం పూరిస్తాను. మొదట ఒక సామాజిక విషయం. హైడన్ 1793లో రాసిన ఓపస్ 71, 74 క్వార్టెట్లు లండన్‌లో టిక్కెట్టు కొన్న జనం ముందు వయొలిన్ విద్వాంసుడు, కచేరీల నిర్వాహకుడు సాలొమన్ బృందం వాయించడానికి ఉద్దేశించినవి. అందుకే వాటి ఆరంభంలో సభను నిశ్శబ్దం చేసే బలమైన సమ్మేళనాలు వినిపిస్తాయి. వియన్నాలో షుప్పాన్‌సిగ్ అనే వయొలిన్ విద్వాంసుడు 1804 ప్రాంతంలో చందా కచేరీలు మొదలుపెట్టాడు. 1808లో, రష్యా రాయబారిగా పనిచేసిన రజుమోవ్‌స్కీ అతడి బృందాన్ని తన ఇంట్లో జీతం ఇచ్చి నిలుపుకున్నాడు. వాయించడమే వృత్తిగా గల నలుగురు దొరికిన తర్వాత, ఔత్సాహికుల వేళ్ళను దృష్టిలో పెట్టుకుని రాయవలసిన అవసరం తీరింది. 1806లో రజుమోవ్‌స్కీ కోసం రాసిన ఓపస్ 59లోని మూడు క్వార్టెట్లను ఇంట్లో చదువుకుంటూ వాయించడం అసాధ్యం. మొదటిది చెల్లో బాణీతోనే మొదలై, దాదాపు 40 నిమిషాలు సాగుతుంది.

1810లో ఓపస్ 95 తర్వాత బీథోవెన్ చాలా ఏళ్ళు క్వార్టెట్ ముట్టలేదు. 1822లో గలీత్సిన్ అనే రష్యన్ ప్రభువు ఒకటి, రెండు లేదా మూడు క్వార్టెట్లు కావాలని ఉత్తరం రాశాడు. అప్పటికి పూర్తిగా వినికిడి కోల్పోయిన ఆయన 1825, 1826 సంవత్సరాల్లో వరుసగా అయిదు రచనలు పూర్తి చేశాడు. శ్రోత గారికి ఇవి చెదిరినట్టు వినిపించడానికి కారణం ఉన్నది. అంతవరకు నాలుగు భాగాలుండే చట్రాన్నే ఆయన విప్పేశాడు. ఓపస్ 131లో ఏడు భాగాలు ఆగకుండా ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి, మొదటిది నెమ్మదైన ఫ్యూగ్. ఓపస్ 130కి మొదట పెట్టిన ముగింపు కూడా ఒక మహా ఫ్యూగే. 1826 మార్చిలో విన్నవారు తట్టుకోలేకపోయారు. ప్రకాశకుడు కోరగా బీథోవెన్ దానిని విడిగా అచ్చు వేయించి, వేరే ముగింపు రాసి ఇచ్చాడు. దయచేసి ఆ మహా ఫ్యూగ్‌తో మొదలుపెట్టకండి.

మీవంటి కర్ణాటక సాధకులకు సరైన ద్వారం ఓపస్ 132లోని మూడవ భాగం. 1825 వసంతంలో తీవ్రమైన జబ్బు నుంచి కోలుకున్న బీథోవెన్ దైవానికి కృతజ్ఞతగా రాసిన ఈ భాగాన్ని లిడియన్ మోడ్‌లో (ఐరోపా ప్రాచీన స్వరక్రమాల్లో ఒకటి) రాశానని తానే శీర్షికలో పేర్కొన్నాడు. ఎఫ్‌ను షడ్జంగా పెట్టుకుంటే ఆ మోడ్ స్వరస్థానాలు మన మేచకల్యాణివే: చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కల్యాణి రాగం వినిపిస్తుందని ఆశించకండి. గమకం లేదు, సంచారం లేదు, ప్రతి మధ్యమం మీద నిలిచి ఆనందించడం లేదు. నాలుగు గొంతులు నిదానంగా ఒకదానిని ఒకటి అనుకరిస్తూ ప్రవేశించి, స్తోత్రంలాంటి పాదాన్ని చేరుకుంటాయి. మధ్యలో కొత్త బలం వచ్చినట్టు డి మేజర్‌లో ఉత్సాహమైన భాగం రెండుసార్లు వస్తుంది. స్తోత్రం తిరిగి వచ్చిన ప్రతిసారీ నాలుగు గొంతుల అల్లిక మరింత బిగుస్తుంది. మూడవసారి వచ్చేటప్పటికి అక్కడ ప్రధాన వాద్యం ఏదని అడగడానికి వీలు ఉండదు.

తర్వాతి చరిత్ర విస్తారమైనది, కొన్ని గుర్తులు మాత్రం చెబుతాను. షూబర్ట్ 1824లో రాసిన డి మైనర్ క్వార్టెట్‌లో తన పాత పాట బాణీనే రెండవ భాగానికి ఆధారం చేసుకున్నాడు. మెండెల్సన్ సోదరి ఫానీ హెన్సెల్ 1834లో రాసిన ఇ ఫ్లాట్ క్వార్టెట్ ఆమె కాలంలో అచ్చుకాలేదు. దానిని తప్పక వినండి. బ్రాహ్మ్స్ ఎన్నో ప్రయత్నాలను చింపివేసి, 1873లో గాని మొదటి రెండింటిని అచ్చుకు ఇవ్వలేదు. స్మెతనా 1876లో తన జీవితాన్నే క్వార్టెట్‌గా రాసి, చెవుడు రాకముందు తన చెవిలో మోగిన కీచు స్వరాన్ని మొదటి వయొలిన్ పైస్థాయిలో ముగింపు భాగంలో పెట్టాడు. బార్టోక్ 1928 నాటి నాలుగవ క్వార్టెట్‌లో ఒక భాగమంతా కమాను లేకుండా మీటి వాయించవలసినదే. తంత్రి పలక మీద తగిలి చప్పుడయ్యేంత గట్టిగా మీటే పద్ధతి కూడా అందులో ఉన్నది. తాళవాద్యం లేదన్న మీ లోటు అక్కడ తీరుతుంది. షొస్టకోవిచ్ 15 క్వార్టెట్లు రాశాడు. 1960లో రాసిన ఎనిమిదవది తన పేరులోని అక్షరాలకు సరిపోయే డి, ఇ ఫ్లాట్, సి, బి అనే నాలుగు స్వరాలను చెల్లోతో మొదలుపెట్టి, నలుగురి చేత వరుసగా పలికిస్తుంది.

వినే పద్ధతి గురించి ఒక్క సూచన. ఒకే భాగాన్ని నాలుగు పూటలు వినండి; ఒక పూట చెల్లోను, ఒక పూట వయోలాను, ఒక పూట రెండవ వయొలిన్‌ను మాత్రమే చెవితో వెంబడించండి, మొదటి వయొలిన్‌ను చివరి పూటకు ఉంచుకోండి. హైడన్, మొజార్ట్, బీథోవెన్ రచనల పాత అచ్చు ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారి స్వరలిపి మీకు చదవడం వస్తే వయోలా పంక్తి మీద వేలు పెట్టి వినండి. లేకపోతే మీ శిష్యుల్లో ఒకరి చేత ఓపస్ 76లోని ఆ స్తుతిగీతం బాణీ వాయించి, రెండవ వయొలిన్ పంక్తిని మీరు కలపండి. అది మన వేలి పట్టుకు కూడా అందుతుంది.